బెర్లిన్ బండిలో ఈరవ్వ సీటు

రాజారాంకు కోపం తెప్పించాలంటే ఒక్క మాట చాలు. "టికెటుంది గద, ఇంక సీటెందుకు?" అనాలి. ఎంత నెమ్మదస్తుడైనా ఆ మాట వింటే కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. సీటు లేని టికెట్టు చెవిలో పెట్టుకోవడానికా అని అడిగేవాడు.

నిజామాబాద్ బస్టాండు వెనక సందులో అతనిదీ నాదీ పక్కపక్క దుకాణాలు. నాది ఫొటో స్టూడియో, అతనిది టికెట్ల దుకాణం. దుబాయి, మస్కట్ పోయేవాళ్ళు నా దగ్గర పాస్‌పోర్టు ఫొటో దిగి, దాని తడి ఆరకముందే పక్కకు పోయి అతని దగ్గర టికెట్టు చేయించుకునేవారు. నేను వాళ్ళను నవ్వొద్దనేవాణ్ణి. అతను వాళ్ళను భయపడొద్దనేవాడు. మా ఇద్దరి మాటా ఎవరూ వినేవారు కాదు.

రాజారాంకు తల్లి మొహం గుర్తులేదు. తండ్రి పోయేనాటికి అతనికి ఇంకా బడి ఈడు కూడా రాలేదు. పెంచిందంతా అక్క ఈరవ్వే. గాజులపేటలో ఒక్క అర్ర అద్దెకు తీసుకుని, పొద్దున లేచింది మొదలు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టి, అతన్ని పదో తరగతి దాకా తెచ్చింది. పెండ్లి చేసుకోవే అని ఇరుగుపొరుగు పోరితే "పోరడు పెద్దగ కానీయుండ్రి" అనేది. తమ్ముడికి మీసాలు వచ్చాక గానీ చందూర్ లింబయ్యను చేసుకోలేదు. అప్పటికి ఆమెకు వయసు మళ్ళింది. పిల్లలు కలగలేదు. తమ్ముణ్ణి చూపించి "నాకు గీడొక్కడు సాలడా" అని నవ్వేది.

లింబయ్య చెరుకు బండి తోలేవాడు. సీజన్ మొదలైతే బోధన్ ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల లైను కనుచూపు మేర ఉండేది. ఎడ్లకు మేత వేసుకుంటూ, బండి కిందే పడుకుంటూ వంతు కోసం కాచుకునేవాడు. ఆ రోజుల్లోనే రాజారాం రైలు స్టేషన్‌లో రిజర్వేషన్ కిటికీ ముందు ఊళ్ళోవాళ్ళ కోసం లైన్లో నిలబడే పని చేసేవాడు. సేట్లకు బొంబాయి బెర్తులు, పెళ్ళివారికి తిరుపతి బెర్తులు. బావాబామ్మర్దులు కలిశారంటే లైన్ల ముచ్చటే. ఎవడు మధ్యలో దూరాడు, ఎవణ్ణి ఎట్లా వెనక్కి నెట్టారు. లింబయ్య వచ్చేటప్పుడు చెరుకు గడలు తెచ్చేవాడు, ఇద్దరూ నా స్టూడియో గడప మీద కూర్చుని నమిలి పిప్పి సందులో ఊసేవారు. నేను తిట్టేవాణ్ణి. నాకూ ఒక గడ ఇచ్చి నోరు మూయించేవారు.

తర్వాత రాజారాం దుకాణం పెట్టాడు, విమలమ్మను చేసుకున్నాడు. కంప్యూటర్ కొన్నాడు. లింబయ్యకు మాత్రం పని తగ్గుతూ వచ్చింది. చందూర్ చుట్టుపక్కల చెరుకు పోయి వరి వచ్చింది. బండి కట్టే పని లేక లింబయ్య ఇంట్లో కూర్చుని తాగడం నేర్చాడు. తాగినా గట్టిగా ఒక మాట అనేవాడు కాదు, గోడకు ఆనుకుని అట్లాగే చూస్తుండేవాడు. తిట్టే మొగుడైతే తిరిగి తిట్టవచ్చు. చూస్తూ కూర్చునే మొగుణ్ణి ఏం చేయాలో ఈరవ్వకు తెలియలేదు. 2001లో కువైట్‌కు ఇంటిపనికి పోతానంది. రాజారాం వద్దన్నాడు, బతిమాలాడు, చివరికి టికెట్టు తనే చేశాడు. ఆమె ఫొటో నేనే తీశాను. నవ్వొద్దని చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆమె పనిచేసే ఇంటాయన రాయబార కార్యాలయంలో ఉద్యోగి. అతన్ని బెర్లిన్‌కు బదిలీ చేస్తే ఈరవ్వనూ వెంట తీసుకుపోయారు. చందూర్‌లో ఎవరూ నమ్మలేదు. కువైట్ పోయిన మనిషి జర్మనీలో ఎట్లా తేలుతుంది అన్నారు. వాళ్ళ ఇంట్లో ఆమెకు బాధేమీ లేదు, తిండికీ లోటు లేదు. ఇంటికి రావడం మాత్రం ఏడాదికేడాది వెనక్కి పోయింది.

2005 ఆగస్టులో లింబయ్య కళ్ళు పసుపయ్యాయి, కడుపు ఉబ్బింది. నిజామాబాద్‌లో చూపిస్తే డాక్టరు రాజారాంను బయటికి పిలిచి, చూడాల్సిన వాళ్ళుంటే తొందరగా పిలిపించుకోండి అన్నాడు. వారం గడవడం కష్టమన్నాడు. రాజారాం బావను చందూర్‌కు పంపలేదు, తన ఇంటికే తెచ్చి ముందర అర్రలో మంచం వేశాడు. లింబయ్య అడిగింది ఒక్కటే.

"మీ అక్క వస్తదా?"

"వస్తది బావా. నేను తీస్కరాకుంటె ఇంకెవరు తీస్కస్తరు?"

ఆ రోజు నుంచి రాజారాంకు తిండి లేదు. ఈరవ్వ యజమానురాలు మంచిదే, పోయి రమ్మంది. బెర్లిన్ నుంచి నేరుగా విమానం లేదు. శుక్రవారం నాడు డుసెల్డార్ఫ్ అనే ఇంకో ఊరి నుంచి దుబాయి మీదుగా హైదరాబాద్‌కు ఒకే ఒక్క సీటు దొరికింది. అవి సెలవులు ముగిసే రోజులు, విమానాలన్నీ నిండిపోయాయి. ఆ శుక్రవారం తప్పితే మళ్ళీ మంగళవారమే. డాక్టరు మాట ప్రకారం లింబయ్యకు మంగళవారం లేదు.

బుధవారం ఈరవ్వ ఫోన్ చేసింది. నేను అక్కడే ఉన్నాను. బెర్లిన్ నుంచి డుసెల్డార్ఫ్‌కు పొద్దుటి రైలుకు యజమానురాలు టికెట్టు కొన్నదట.

"సీటు నంబరెంతనే అక్కా?"

"సీటు లేదట తమ్మి. ఏడ ఖాళీ ఉంటె ఆడ కూసోవాల్నట. శుక్కురారం మస్తు మంది ఉంటరని ఈళ్ళ కారు డ్రైవర్ అంటుండు. నిలవడత తియ్. ఎన్ని గంటలు, నాలుగైదు గంటలేనాయె."

రాజారాం లేచి నిలబడ్డాడు. బీడీలకు కూర్చుని కూర్చుని ఆమె మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. మా మెట్లు మూడు ఎక్కాలన్నా గోడ పట్టుకునేది. "నువ్వు నిలవడుడేంది" అన్నాడు. "నీ తమ్ముడు సచ్చిండా?"

ఫోన్ పెట్టేశాక నేను నోరు ఊరుకోక, "బండి ఎక్కుతె సాలు గద రాజారాం, అయినకాడికి ఆమెనే సర్దుకుంటది" అన్నాను. అతను నా వైపు చూసి, "నువ్వు ఫొటోలు తియ్యి హన్మాండ్లన్నా" అన్నాడు. అప్పుడర్థమైంది నాకు. అక్క కోసం అతను చేయగలిగింది ఇంకేమీ లేదు. బావ లివర్‌ను బాగు చేయలేడు, విమానాన్ని తొందరగా ఎగిరించలేడు. ఊళ్ళో అందరికీ సీట్లు తెచ్చిపెట్టిన మనిషి సొంత అక్కకు ఒక్క సీటు తెచ్చిపెట్టాలి. అంతే. అది కూడా చేయలేకపోతే తాను దేనికి?

ఇక కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఒంటివేలితో కొట్టేవాడు. ఆ దేశం రైళ్ళ వెబ్‌సైటులో టికెట్టు లేకున్నా సీటు ఒక్కటే విడిగా బుక్ చేసుకోవచ్చని వెతికి వెతికి కనిపెట్టాడు. బండి దొరికింది, తేదీ దొరికింది, సీటు కూడా ఉంది. చివర్లో కార్డు నంబరు అడిగింది. మా సందులో ఎవరి దగ్గరుంది కార్డు? బెల్లం వ్యాపారి ఆత్మారాం దగ్గర ఒకటుంది. దాన్ని పర్సులో దేవుడి బొమ్మ పక్కన పెట్టుకుని తిరిగేవాడు, వాడింది ఎప్పుడూ లేదు. పిలవగానే వచ్చాడు, ముచ్చటగా కార్డు తీసి ఇచ్చాడు. కంప్యూటర్ చెల్లదంది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ చెల్లదంది. బ్యాంకుకు ఫోన్ చేస్తే, ఆ కార్డు భారతదేశంలో, నేపాల్‌లో మాత్రమే పనిచేస్తుందన్నారు.

"నేపాల్ల ఏమన్న బండి ఉంటె చెప్పు రాజారాం" అన్నాడు ఆత్మారాం చిన్నబోయి. ఎవరం నవ్వలేదు.

ఇంతలో కరెంటు పోయింది. వచ్చాక ఇంటర్నెట్టు కలవలేదు. కలిశాక మొదటి నుంచి మళ్ళీ పేరు, మళ్ళీ తేదీ. సగంలో తెగిపోయింది. పక్కన ఇద్దరు గిరాకీలు టికెట్ల కోసం వచ్చి నిలబడితే పొమ్మన్నాడు. నాకు భయమేసింది, కోపమూ వచ్చింది. ఎక్కడి జర్మనీ, ఎక్కడి సీటు, ఇంట్లో మనిషి పోతుంటే వాడి పక్కన కూర్చోకుండా ఈ డబ్బా ముందు కూర్చోవడమేమిటని గట్టిగానే అన్నాను. అతను వినలేదు.

గురువారం పొద్దున అతనికి నర్సింలు గుర్తొచ్చాడు. మోస్రా ఊరి పిల్లగాడు, దుబాయిలో ఒక కంపెనీ ఆఫీసు కారు నడుపుతాడు. పంపింది రాజారామే. ఫోన్ చేస్తే నర్సింలు సంగతంతా విని, "మా క్లర్కు మలయాళపాయన దగ్గర కార్డుంది అన్నా, కాళ్ళు పట్టుకోనన్న ఒప్పిస్త" అన్నాడు. ఒప్పించాడు. ఇక్కడ రాజారాం ఫోన్‌లో ఒక్కో ముక్క చెప్పడం, నర్సింలు దాన్ని వచ్చీరాని హిందీలో క్లర్కుకు అప్పజెప్పడం, అక్కడ అతను కొట్టడం. బండి సమయం రెండు సార్లు చెప్పించాడు. దిగే ఊరి పేరు మూడు సార్లు చెప్పించాడు. చివరికి అటు నుంచి నర్సింలు అరిచాడు. పెట్టె నంబరు ఇరవై ఏడు, సీటు అరవై ఒకటి, కిటికీ పక్క.

రాజారాం ఫోన్ పెట్టేసి నా దగ్గరికి వచ్చాడు. "దొరికిందన్నా" అని నా చేయి పట్టుకుని ఏడ్చాడు. ఎంతమందిని విమానం ఎక్కించాడో, ఎన్ని ఏడుపులు గడప దగ్గర చూశాడో, అతను ఏడవగా నేను అంతకుముందు చూడలేదు. నేను అన్న మాటలకు నాకే సిగ్గేసింది.

ఇద్దరం ఇంటికి పోయాం. మంచం పక్కన వంగి రాజారాం చెప్పాడు.

"బావా, అక్కకు సీటు దొరికింది."

లింబయ్య పసుపు కళ్ళు తెరిచాడు. "దొరికిందా? అయితె ఇంకేంది, వచ్చినట్టే" అన్నాడు. లైన్లలో బతుకు గడిపిన మనిషి, వంతు వచ్చిందంటే పని అయినట్టే అతనికి. విమలమ్మ ఇచ్చిన గంజి ఆ పూట మొత్తం తాగాడు.

సాయంత్రం ఈరవ్వ ఫోన్ చేసినప్పుడు రాజారాం నంబర్లు చెప్పి, ఆమెతో తిరిగి చెప్పించుకున్నాడు. బీడీ కట్టలు లెక్కపెట్టిన మనిషికి అంకెలు బాగానే వచ్చు. తర్వాత ఇన్నేళ్ళుగా గడప దగ్గర అందరికీ చెప్పేదే ఆమెకూ చెప్పాడు. "నంబర్ సూసుకోని కూసో. ఎవరన్న కూసుంటె లేపు, భయపడకు. చిన్నపిల్లలు గలోళ్ళో, ముసలోళ్ళో బతిలాడుతె మాత్రం కాదనకు, కానీ ఉత్తగ లేవకు. సీటుకు సీటు తీస్కో."

"సరే తమ్మి. ఆయన ఎట్లున్నడు?"

"నీ కోసం సూస్తుండు."

శుక్రవారం అక్కడ పొద్దున, మాకు మధ్యాహ్నం అయ్యేసరికి బండి కదిలింది. బండి ఇంకా ఆగి ఉండగానే డ్రైవరు ఫోన్ నుంచి రెండే మాటలు మాట్లాడింది. డ్రైవరు పెట్టె దాకా తోడొచ్చాడట, సీటు దొరికిందట. రాజారాం దుకాణంలో దేవుడికి అగరుబత్తి వెలిగించాడు. విమానం ఎక్కేముందు మళ్ళీ ఫోన్ చేస్తానంది. ఆ ఫోన్ కోసం కూర్చున్నాం. సాయంత్రమైంది. దీపాలు పెట్టే వేళైంది. నేను స్టూడియో మూసి వచ్చి అతని ఎదుట కూర్చున్నాను. ఫోన్ మోగింది.

"తమ్మీ, ఏర్‌పోర్టుల ఉన్న" అంది ఈరవ్వ.

రాజారాం కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. "మంచిగొచ్చినవా? బాధేం గాలేదు గద?"

"అది పోయింది తమ్మి. నేనొచ్చెవరకే పోయింది."

"ఏం పోయింది?"

"విమానం."

ఆ తర్వాత ఆమె చెప్పిందంతా ఏడుపులోనే చెప్పింది. దారిలో ఏదో స్టేషన్‌లో బండి చాలాసేపు ఆగింది. అక్కడ దాన్ని రెండు ముక్కలు చేశారు. ఒక ముక్క డుసెల్డార్ఫ్‌కు పోయింది, ఈమె కూర్చున్న ముక్క ఇంకో దారిన వేరే పెద్ద ఊరికి పోయింది. అందరూ దిగి పెట్టె ఖాళీ అయ్యే దాకా ఈమెకు తెలియలేదు. ప్లాట్‌ఫారం మీద కనపడ్డ ప్రతి మనిషికీ విమానం టికెట్టు చూపించింది. చివరికి ఒకాయన చేయి పట్టుకుని తీసుకుపోయి ఇంకో బండి ఎక్కించాడు. కౌంటరు దగ్గరికి చేరేసరికి మూసేశారు. కాళ్ళు పట్టుకోబోయిందట. లోపలి పిల్ల లేపి నిలబెట్టి నీళ్ళిచ్చిందట.

బండిని మధ్యలో కోసి పెట్టెలను వేరే దారి పట్టించడం రాజారాం ఎరగనిది కాదు. మన దగ్గరా అట్లాంటి బండ్లున్నాయి. లైన్లో నిలబడే రోజుల్లో పెట్టె తప్పు ఎక్కొద్దని ఎందరికో చెప్పాడు. అంత దూర దేశంలోనూ అదే ఉంటుందని తట్టలేదు. తట్టాల్సిన అవసరమూ లేదు, అతను బుక్ చేసింది డుసెల్డార్ఫ్ పెట్టెలోనే. ఆ రాత్రంతా దుబాయి నుంచి క్లర్కు పంపిన సీటు మెయిలు తెరిచి చూశాడట, మూశాడట, మళ్ళీ చూశాడట. ఇరవై ఏడే. డుసెల్డార్ఫే. మరి తప్పెక్కడ జరిగింది?

హైదరాబాద్, బొంబాయి ఏజెంట్లందరికీ ఫోన్లు చేశాడు. బతిమాలాడు, బూతులు తిట్టాడు. ఎవరి దగ్గరా సీటు లేదు. మంగళవారానికి మాత్రం దొరికింది. ఏర్‌పోర్టులో ఊడ్చే పనిచేసే ఒక పంజాబీ ఆమె ఈరవ్వను తన ఇంటికి తీసుకుపోయిందని తెలిశాక కొంచెం కుదుటపడ్డాడు.

ఇక లింబయ్యకు చెప్పాలి. ఇద్దరం ఇంటికి పోతుంటే సందు మలుపులో ఆగి, "ఏం చెప్పాలె అన్నా?" అని అడిగాడు. నాకు తెలిస్తే కదా. నిజం చెబితే ఆ పూటే పోతాడు. అబద్ధం చెబితే ఎదురుచూస్తూ పోతాడు. ఏది మేలో చెప్పగల మనిషి నాకు ఇప్పటిదాకా తగల్లేదు.

"ఎక్కిందా?" అన్నాడు లింబయ్య మేము గడప దాటగానే.

"ఎక్కింది బావా" అన్నాడు రాజారాం.

ఆ మాటతో లింబయ్యకు ఎక్కడిదో బలం వచ్చింది. శనివారం పొద్దున మంగలిని పిలిపించి గడ్డం గీయించుకున్నాడు. తెల్లంగీ వేయమన్నాడు. దిండ్లు ఎత్తు పెట్టించుకుని గడప వైపు మొహం చేసి కూర్చున్నాడు. వీధిలో జీపు ఆగిన చప్పుడైతే చాలు, మెడ ఎత్తేవాడు. సాయంత్రం అడిగాడు, "ఇంక రాలే?"

"విమానం లేటట బావా."

"లైన్ల ఉన్నట్టుంది" అన్నాడు లింబయ్య. ఓర్పుగానే అన్నాడు. అంత ఓర్పు చూసి రాజారాం తట్టుకోలేక పెరట్లోకి పోయి గోడకు తల కొట్టుకున్నాడు. నేను పోయి పట్టుకున్నాను.

ఆదివారం పడుకోబెడితే పడుకోలేదు. మధ్యాహ్నానికి చూపు మందగించింది. ఎవరు వచ్చినా నీడ లాగే కనపడుతున్నట్టుంది. మాట కూడా ముద్దముద్దగా వస్తోంది. పొద్దుగూకే వేళ విమలమ్మ చెంచాతో నీళ్ళు పోయడానికి మంచం మీదికి వంగింది. లింబయ్య తడుముకుంటూ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వచ్చినవా?"

విమలమ్మ ఆయన్ను అన్నా అని పిలుస్తుంది. ఆయన వచ్చినప్పుడల్లా కొంగు సర్దుకుని పక్కకు నిలబడే మనిషి. ఆమె భర్త వైపు చూసింది. రాజారాం గోడ వైపు తిరిగాడు. ఆమె నా వైపూ చూసింది. నేను తల దించుకున్నాను. ఇద్దరు మగవాళ్ళం ఉండి ఆ బరువంతా ఆమె మీద వేశాం.

"వచ్చిన" అంది విమలమ్మ.

"సీటు దొరికిందా మంచిగ?"

"దొరికింది."

ఆయన ఆ చెయ్యి వదలలేదు. ఆమె మంచం అంచున కూర్చుంది. ఇంట్లో దీపం పెట్టడానికి కూడా లేవలేదు. ఎప్పుడు పోయాడో మాకు తెలియలేదు. వేళ్ళు వదులైనప్పుడు ఆమే చెప్పింది.

చందూర్‌కు తీసుకుపోయి సోమవారం దహనం చేశాం. దగ్గరివాళ్ళు ఎవరూ లేక రాజారామే గుండు చేయించుకుని, మీసాలు తీయించి తలకొరివి పెట్టాడు. ఈరవ్వకు ఫోన్‌లో చెప్పలేదు. పరాయి దేశంలో, పరాయి ఇంట్లో ఒక్కతే ఏం చేస్తుందన్నాడు.

బుధవారం పొద్దున బేగంపేటలో దిగింది. జీపు మాట్లాడుకుని నేనూ వెంట పోయాను. నాలుగేళ్ళలో మనిషి సగమైంది. సంచి మోసుకుంటూ, కుంటుకుంటూ బయటికి వచ్చింది. తమ్ముణ్ణి వెతికింది. అతని గుండు చూసింది. సంచి కింద పెట్టేసింది.

"ఎప్పుడు?"

"ఐతారం."

ఈరవ్వ జీపులో వెనక సీట్లో కూర్చుంది. మేడ్చల్ దాటింది, రామాయంపేట దాటింది. రాజారాం అప్పటిదాకా పట్టి ఉంచుకున్నాడు. కామారెడ్డి దగ్గర ఇక ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు. పాపం, అడక్కూడని సమయం అని అతనికీ తెలుసు.

"అక్కా, నేను చేసిన సీటు డుసెల్డార్ఫ్ పెట్టెలనేనే. వంద సార్లు సూసిన. నువ్వు గా ముక్కల ఎట్ల పడ్డవు?"

ఈరవ్వ కిటికీ లోంచి చూస్తూనే చెప్పింది.

"నా సీట్లనే కూసున్న. బండి కదలకముందె ఒక పిల్ల వచ్చింది, సంకల పసిగుడ్డు. ఆమె తల్లికి నా పక్కన సీటు, ఆ పిల్లకు ఏడనో ఇంకో దిక్కు పెట్టెల. పసిగుడ్డు ఏడుస్తుంది, ముసలామె కాళ్ళు సూస్తె నా కాళ్ళ లెక్కనే ఉన్నయి. ఆ పిల్ల తన చీటి సూపిచ్చి సైగ చేసింది. ఏదో ఊరి పేరు అడిగింది, నేను తల ఊపిన. చీటి తీసుకోని, దిగి పోయి ఆ నంబర్ల కూసున్న. అది గూడ కిటికీ పక్కకే. ఉత్తగ లేవలేదు తమ్మి. సీటుకు సీటు తీస్కున్న."

జీపు డ్రైవరు ఇదేమీ పట్టనట్టు హారన్ కొట్టుకుంటూ పోతున్నాడు. ఆ పిల్ల సీటు వేరే ఊరికి పోయే ముక్కలోది. ఆ తల్లీకూతుళ్ళు బండి విడిపోకముందే ఏదో ఊళ్ళో దిగిపోయేవాళ్ళయి ఉంటారు. ఈమె తల ఊపితే ఈమె కూడా అక్కడే దిగుతుందనుకుని ఉంటారు. ఎవరి తప్పూ లేదు. రాజారాం ముందుకు తిరిగి కూర్చున్నాడు. గుండు మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. "నేనే చెప్పిన" అన్నాడు నాతో, మెల్లగా. "అన్నా, నేనే చెప్పిన." నిజామాబాద్ వచ్చేదాకా ఆ మాటే అంటూ వచ్చాడు.

ఇంటి ముందు ఆడవాళ్ళు పోగయ్యారు. ఈరవ్వ దిగగానే శోకం పెట్టారు. ఆమె మాత్రం ఏడవలేదు. వాళ్ళ మధ్యనుంచి నడిచి లోపలికి వచ్చి, ఎత్తిపెట్టిన మంచం చూసి, గోడ పక్కన కూర్చుంది.

"నన్ను అడిగిండా?" అంది.

అప్పుడు విమలమ్మ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. తానే చెప్పింది, దాచకుండా చెప్పింది. విమానం ఎక్కావని చెప్పామని, శనివారం గడ్డం గీయించుకుని గడప వైపు చూస్తూ కూర్చున్నాడని, చివరికి తన చేయి పట్టుకుని వచ్చినవా అంటే వచ్చిన అన్నానని.

"తప్పయింది వదినె" అంది. "మీ జాగల నేను కూసున్న. ఆయన నేనే మీరనుకోని పోయిండు."

రాజారాం గడప అవతలే నిలబడిపోయాడు. లోపలికి అడుగు పెట్టలేదు. తిడుతుందేమో, కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా న్యాయమే అనిపించింది నాకు.

ఈరవ్వ మరదలి మొహం చూసింది.

"ఏ చెయ్యి?" అంది.

విమలమ్మకు అర్థం కాలేదు.

"ఏ చెయ్యి పట్టుకున్నడు?"

విమలమ్మ కుడిచెయ్యి ముందుకు చాపింది. ఈరవ్వ ఆ మణికట్టును రెండు చేతులతో పట్టుకుని దగ్గరికి తీసుకుంది. గాజులు పైకి జరిపి చూసింది. దాన్ని చెంపకు ఆనించుకుని, అప్పుడు ఏడ్చింది.